ఎత్తు ఎడారిలో సైకిలు చుట్టుదారి

ఎడారి యనగానే మనకు ఇసుకతిన్నెలును, ఒంటెల బారులును మనసున మెదలును. ఆ చిత్రము అన్ని ఎడారులకును సరిపడదు. సముద్రమట్టమునకు నాలుగైదు వేల అడుగుల ఎత్తున, పసుపువన్నె గడ్డిబయళ్లతోను, నడుమనడుమ రాతికొండలతోను, పగటి ఎండతోను, రాత్రి కంబళి కోరు చలితోను కూడిన ఎడారులు కూడ గలవు. అక్కడ వాన తక్కువ, గాలి తేట, చూపునకు అడ్డు లేదు, దారిపై బండ్లు పలుచన. అందుచేత సైకిలు తొక్కుటయందు ప్రీతి గలవారికి అట్టి సీమ మిక్కిలి మనోహరముగా తోచును. కాని అందమునకు అది ఎంత పేరుపడినదో, ఏమరినవారిని ఇడుములపాలు చేయుటలోను అంతటిదే. అట్టిచోట ఒక పగలెల్ల సైకిలుపై తిరిగి క్షేమముగా రాదలచినవారు తమ దారిని ముందుగా ఎట్లు నిర్ణయించుకొనవలెనో ఈ ప్రసంగమున ముచ్చటింతును.

మాట నేలను విడువకుండుటకై ఒక నిజమైన దారినే ఎదుట పెట్టుకొందము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సస్ రాష్ట్రపు పడమటి భాగమున, చివావా ఎడారి నడుమ, డేవిస్ పర్వతములను కొండలబారు గలదు. సుమారు మూడున్నర కోట్ల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన రాతితో ఏర్పడిన కొండలవి. వాని పాదమున ఫోర్ట్ డేవిస్ అను చిన్న ఊరున్నది. జనసంఖ్య వేయికి అటునిటు; ఎత్తు సుమారు 5,000 అడుగులు. ఈ ఊర బయలుదేరి, కొండలను చుట్టి, మరల ఈ ఊరికే చేరు తారుదారి యొకటి గలదు. దాని పొడవు 75 మైళ్లు, అనగా 120 కిలోమీటర్లు. అక్కడివారు దానిని సీనిక్ లూప్ అందురు. సుందరమైన చుట్టుదారి యని మనము చెప్పుకొనవచ్చును. టెక్సస్‌లోని డల్లాసు, హ్యూస్టను, ఆస్టిన్ నగరములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము కాపురమున్నవి. ఈ ప్రసంగము వినువారిలో పలువురకు ఆ రాష్ట్రమున కొడుకో, కూతురో, మేనల్లుడో ఉండవచ్చును. కావున ఈ దారి మనకు మరీ పరాయిది కాదు.

పోయిన దారినే తిరిగివచ్చు యాత్ర వేరు, చుట్టుదారి యాత్ర వేరు. మొదటిదానిలో అలసిన చోటనే వెనుకకు మరలవచ్చును. ఎంత దూరము వచ్చితిమో అంతయే మిగులును. ఆ మిగిలినది ఎట్టిదో మనము కన్నులార చూచియే ఉన్నాము. చుట్టుదారిలోనో ప్రతి మలుపును క్రొత్తదే. చూచుటకు ముచ్చటయే గాని, ఒక హద్దు దాటిన పిదప వెనుకకు మరలుటయు, ముందునకు సాగుటయు ఒకే శ్రమ యగును. ఆ హద్దు ఎక్కడ నున్నదో ఇంటనే కూర్చుండి తెలిసికొనుట మార్గ నిర్ణయమునకు ప్రాణము. దృశ్యములను గూర్చి తొందరపడ నక్కరలేదు. అవి దారిపొడవునను ఉండనే ఉన్నవి. మొదట చూచుకొనవలసినవి మూడు: నీరు, గాలి, ప్రొద్దు.

ముందుగా దారి నడకను తెలిసికొందము. ఊరి ఉత్తరపు అంచున 118వ నంబరు రాజమార్గము ఎడమకు చీలి, లింపియా అను వాగు వెంట కొండల నడుమకు పోవును. ఆరు కిలోమీటర్లు పోగా ఒక రాష్ట్రోద్యానము వచ్చును. అక్కడ నీరు గలదు, విడిది గలదు. అటుపిమ్మట దారి ఎగువకు సాగి, సుమారు 26వ కిలోమీటరువద్ద మెక్‌డొనాల్డ్ వేధశాలను చేరును. వేధశాల కొండ శిఖరములపై నున్నది. రాజమార్గము శిఖరము నెక్కక ప్రక్కగా పోవును. శిఖరము నెక్కదలచినవారికి వేరొక శాఖామార్గము గలదు. లాక్ శిఖరముపై 6,791 అడుగుల ఎత్తునకు చేరు ఆ శాఖ టెక్సస్ రాష్ట్రపు రాజమార్గములన్నింటిలోను ఎత్తయినది.

వేధశాల దాటిన తరువాత దారి కొంత దిగుచు, కొంత ఎక్కుచు మడేరా లోయగుండ పోవును. 39వ కిలోమీటరు ప్రాంతమున చెట్లనీడను బల్లలు వేసిన విశ్రాంతి స్థలమున్నది. 47వ కిలోమీటరు ప్రాంతమున 166వ నంబరు మార్గము కలియును. ఇచ్చట ఎడమకు తిరిగి, ఇక సుమారు 70 కిలోమీటర్లు ఆ మార్గమునే పట్టి పోవలెను. రంపపు పండ్లవలె నిలిచిన 7,686 అడుగుల సాటూత్ పర్వతము ఈ భాగముననే కానవచ్చును. ఎడమవైపున, చుట్టుదారికి నడిబొడ్డున, 8,378 అడుగుల లివర్‌మోర్ శిఖరముండును. కొండలు క్రమముగా వెనుకబడి గడ్డిబయళ్లు విప్పారును. తుదకు 17వ నంబరు మార్గము నందుకొని, ఎడమకు తిరిగి మూడు కిలోమీటర్లు పోయినచో బయలుదేరిన ఊరే.

ఇపుడు నీటి మాట. ఊరిలో నీరు గలదు, ఉద్యానమున గలదు, వేధశాల సందర్శక భవనము తెరచియున్న వేళల అక్కడను గలదు. ఆ వేళలను ముందురోజుననే విచారించి ఉంచుకొనవలెను. అటుపిమ్మట, 26వ కిలోమీటరునుండి మరల ఊరు చేరువరకు, అనగా 94 కిలోమీటర్లు, అంగడి లేదు, హోటలు లేదు, నమ్ముకొనదగిన కుళాయి లేదు. పటముపై వాగుల పేర్లు కనబడును గాని వాగులో నీరు కనబడునన్న భరోసా లేదు.

ఈ సంగతిని పటముపై గుర్తించినచో ఒక విశేషము తేలును. ఈ చుట్టుదారికి రెండు నడిమి స్థానములు గలవు. దూరమునుబట్టి చూడగా నడిమి స్థానము 60వ కిలోమీటరు. ఎవరైనను అక్కడికి వచ్చినంతనే, సగము దారి అయినది, ఇక వెనుకకు మరలుటకన్న ముందునకు పోవుటయే మేలని తలపోయుదురు. కాని దప్పిగొన్న వానికి కావలసినది ఊరు కాదు, నీరు. నీటినిబట్టి చూడగా, వేధశాలకును ఊరికిని సరిగా నడుమ నున్నది 73వ కిలోమీటరు. అంతవరకు వెనుకటి నీరే దగ్గర. రెండు మార్గములు కలియు 47వ కిలోమీటరువద్ద నిలిచి చూచినచో వెనుకటి నీరు 21 కిలోమీటర్లలో నున్నది, ముందరి నీరు 73 కిలోమీటర్లలో నున్నది. ఇంత భేదము మైలురాళ్లను మాత్రమే లెక్కపెట్టువారికి తెలియదు. ఎడారిలో దూరమును ఊరినుండి ఊరికి కాక, నీటినుండి నీటికి కొలువవలెను. ఈ ప్రసంగమున ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

ఎంత నీరు మోయవలెను? సామాన్యుడు బరువు లేని సైకిలుపై, విశ్రాంతి కాలము కలుపుకొని, ఆ 94 కిలోమీటర్లకు ఆరు గంటలు తీసికొనుననుకొందము. ఓ మోస్తరు ఎండలో గంటకు ముప్పావు లీటరు చొప్పున చూచినను నాలుగున్నర లీటర్లు కావలెను. సైకిలు చట్రమునకు తగిలించు సీసాలు రెండును కలిసి ఒకటిన్నర లీటర్లకు మించి పట్టవు. తక్కిన మూడు లీటర్లు వీపుసంచిలోనో, వెనుక క్యారియరుపైననో పోవలెను. లేనిచో మిత్రులెవరైన కారులో ముందుగా వచ్చి మార్గములు కలియు చోట వేచియుండవలెను. రెండును కుదరనివారు విశ్రాంతి స్థలమువరకు పోయి, బల్లపై పులిహోర పొట్లము విప్పుకొని తిని, వచ్చిన దారినే మరలుట ఉత్తమము. అదియు 78 కిలోమీటర్ల చక్కని యాత్రయే, చిన్నతనమేమియు లేదు. వట్టినీరు మాత్రమే అదేపనిగా త్రాగుటయు మంచిది కాదు. చెమటతో పోవునది నీరొక్కటే కాదు, ఉప్పు కూడ. మన పులిహోరవంటి ఉప్పుపులుసుల అన్నమో, ఉప్పువేసిన వేరుసెనగలో వెంట నున్నచో ఆ లోటు కొంత తీరును.

నీటినిబట్టి దారి వేసికొనుట సైకిలు యాత్రికులు కనిపెట్టిన క్రొత్త విద్య కాదు. ఫోర్ట్ డేవిస్ ఊరికి ఆ పేరు తెచ్చిన కోట 1854 సంవత్సరమున వెలసినది. సాన్ ఆంటోనియోనుండి ఎల్ పాసోకు పోవు బాటసారులకును, తపాలా బండ్లకును రక్షణగా ఆ కోటను కట్టిరి. లింపియా వాగు చేరువ నుండుటచేతనే ఆ తావు వారికి అనువైనది. 1861లో అంతర్యుద్ధము రాగా సమాఖ్య సైన్యము దానిని విడిచిపోయి, 1867లో మరల వచ్చినది. అప్పుడు వచ్చి కాపురమున్నవారిలో నల్లజాతి సైనికుల దళములు ముఖ్యమైనవి. 1891లో కోటను పూర్తిగా విడిచిరి. నేడది జాతీయ చారిత్రక స్థలముగా సంరక్షింపబడుచున్నది. చుట్టుదారి మొదటనే, 118వ మార్గము చీలుటకు ముందే, దానిని చూడవచ్చును.

ఆ నల్లజాతి దళములలో 25వ పదాతి దళమొకటి. తరువాత ఉత్తరమున మోంటానా రాష్ట్రమునకు మారిన ఈ దళము 1897 సంవత్సరమున సైకిలు చరిత్రలో నిలిచిపోదగిన పని యొకటి చేసినది. ఇరువదిమంది సైనికులు, లెఫ్టినెంటు జేమ్స్ మాస్ నాయకత్వమున, మిసౌలానుండి సెయింట్ లూయిస్ వరకు సుమారు 1,900 మైళ్లు సైకిళ్లపై 41 దినములలో పోయిరి. ఆ కాలమున తారుదారులు లేవు. బురదయు, ఇసుకయు, రైలుపట్టాల నడుమ కంకరయు వారికి దారులు. ఆహారమును రైలుమార్గము వెంట సుమారు నూరేసి మైళ్లకు ఒక మజిలీ చొప్పున ముందుగనే చేర్చియుంచిరి. అట్లుండియు చవుటి నీరు త్రాగి పలువురు జబ్బుపడిరి. బలవంతులైన సైనికులకే అది తప్పలేదన్నచో, సెలవు దినమున సరదాకు పోవువారు ఎంత జాగ్రత్త వహింపవలెనో ఊహించుకొనవచ్చును.

రెండవది గాలి. కొండదారిలో ఎక్కుడు కంటికి కనబడును, గాలి కనబడదు. కాని మైదానమున ఎదురుగాలి ఎక్కుడుకన్న ఎక్కువగా కాళ్లను లాగివేయును. ఎక్కుడునకు తుది గలదు, దాని వెనుక దిగుడు గలదు. ఎదురుగాలికి అట్టి న్యాయము లేదు. పడమటి టెక్సస్‌లో, అందును వసంతకాలపు మధ్యాహ్నములందు, పడమటనుండియు నైరృతినుండియు గాలి బలముగా వీచును. ఉదయమున సాధారణముగా నెమ్మదిగా నుండును. దీనినిబట్టి చుట్టుదారిని ఏ వైపునుండి తిరుగవలెనో తేలిపోవును. ఫోర్ట్ డేవిస్ చుట్టుదారికి తూర్పుప్రక్కన నున్నది. ఉదయమున గాలి లేనివేళ వాయవ్యముగా 118వ మార్గముపై ఎక్కుడంతయు ముగించుకొని, మధ్యాహ్నము 166వ మార్గముపై మొదట దక్షిణమునకును, పిదప తూర్పునకును మరలినచో ఆఖరి భాగమున గాలి వీపున నుండును. అలసిన కాళ్లకు వెనుకనుండి వీచు గాలి తోడుబోతు వంటిది. ఇందుకు మారుగా తిరిగినచో ఉదయపు సులువు మొదటనే ఖర్చయి, ఎండవేళ ఎదురుగాలియు, తుదిని కొండయెక్కుడును మిగులును.

ఎక్కుడును పటముపై చదువుటకు కష్టము లేదు. సమోన్నత రేఖలు గల పటమున ఆ రేఖలు ఒకదానినొకటి ఒరసికొని యున్నచో అక్కడ వాలు నిట్రము. ఎడముగా నున్నచో దారి చదును. ఇప్పుడు చేతి ఫోనులోనే ఎత్తుపల్లముల బొమ్మ గీసి చూపు సాధనములు వచ్చినవి. వానిని వాడవచ్చును, కాని ఆ కొండలలో ఫోను సంకేతము అన్నిచోట్ల అందునని నమ్మరాదు. పటమును ముందుగనే ఫోనులో దింపుకొనవలెను. కాగితముపై నొక ప్రతిని జేబులో నుంచుకొనవలెను. అక్కడి మైలురాళ్లు, సూచికలు మైళ్లలో నుండును గాన కాగితముపై మైళ్లలోనే వ్రాసికొనుట మేలు.

ఎత్తు సీమ మన శరీరమునకు పెట్టు పరీక్షను కూడ గమనింపవలెను. ఆరువేల అడుగుల ఎత్తున గాలి పీడనము సముద్రతీరపు పీడనములో ఐదింట నాలుగు వంతులే. ఇంటి ఇల్లాండ్రకు తెలిసిన ఉదాహరణ చెప్పవలెనన్నచో, ఐదువేల అడుగుల ఎత్తున నీరు సుమారు 95 సెంటిగ్రేడు డిగ్రీలకే మరగును. పప్పు ఉడుకుటకు ఆలస్యమగును. అక్కడ రొమ్మునకు అందు ప్రాణవాయువు కూడ ఆ మేరకు తగ్గును. సముద్రతీర నగరమునుండి వచ్చినవారు ఒక రాత్రియైనను ఊరిలో గడపి, మరునాడు సైకిలెక్కుట మంచిది. పొడిగాలిలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును. చొక్కా తడియదు గాన చెమట పోయుటలేదని భ్రమ కలుగును. ఆ భ్రమయే మనుష్యుని దెబ్బతీయును. ఎత్తు పెరిగినకొలది ఎండలోని అతినీలలోహిత కిరణముల తాకిడియు హెచ్చును గాన చేతులు కప్పు పలుచని చొక్కా, మెడకు గుడ్డ, కన్నులకు నల్లద్దములు ఆడంబరము కావు, అవసరము.

మూడవది ప్రొద్దు. ఏ నెలలో పోవలెను, ఏ గంటకు బయలుదేరవలెను? ఫోర్ట్ డేవిస్‌లో ఏడాది వాన సుమారు 400 మిల్లీమీటర్లు; మన అనంతపురము సీమకన్నను తక్కువ. అందులో ఎక్కువ భాగము జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మధ్యాహ్నపు ఉరుములతో కురియును. ఆ నెలలందు మధ్యాహ్నము గడ్డిబయలున సైకిలుపై నుండుట పిడుగును పిలుచుటయే. పల్లపు దారులను వరద కప్పినచో దాటరాదు. వసంతమున ఉరుములు తక్కువ గాని గాలియు, ఎండు గడ్డియు భయము. 2011 సంవత్సరము ఏప్రిలులో మార్ఫా చేరువ రేగిన నిప్పు గాలికి ఎగసి, మూడు లక్షల ఎకరములకు పైగా కాల్చి, ఫోర్ట్ డేవిస్‌లో ఇండ్లను కూడ దహించినది. దానికి రాక్ హౌస్ మంటలని పేరు. కావున గాలి హెచ్చరికలు వెలువడిన దినమున యాత్రను వాయిదా వేసికొనుటయే బుద్ధిమంతుల లక్షణము. ఇన్నియు చూడగా అక్టోబరు నెల అన్నింటను అనుకూలమైనది.

ఆ నెలలోను గడియారమును నమ్మి మోసపోరాదు. ఆ ఊరు తన కాలమండలమునకు పడమటి అంచున నున్నది. అక్టోబరు నడుమ అక్కడ సూర్యుడుదయించుట గడియారముపై ఇంచుమించు ఉదయము ఎనిమిది గంటలకు. అస్తమించుట సాయంకాలము ఏడు దాటిన తరువాత. ఎనిమిదింబావునకు బయలుదేరినచో, ఎక్కుడున గంటకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కి, వేధశాలవద్ద కొంత ఆగి, మార్గములు కలియు చోటికి పన్నెండుంబావు ప్రాంతమున చేరవచ్చును. అటుపిమ్మట గంటకు 20 కిలోమీటర్ల చొప్పున, నడుమ కొంత విశ్రాంతితో, నాలుగున్నర ఐదు గంటలకు ఊరు చేరవచ్చును. మిగిలిన రెండు గంటల వెలుగు పంచరులకు, అలసటకు, ఫొటోలకు. ఆ రెండు గంటలును యాత్రలో భాగమే; వానిని ముందుగనే ఖర్చు వ్రాసికొనరాదు.

ఇక వాహనము. అక్కడి గ్రామీణ మార్గములు పలుచోట్ల తారుపై చిన్నకంకర చల్లి అణచినవి. కారునకు తెలియని గరుకు సైకిలు పిడికి తెలియును. సన్నని పందెపు టైర్లకన్న 28 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు, కొంచెము తక్కువ గాలితో, చేతులకును నడుమునకును హాయి నిచ్చును. అన్నింటికన్న పెద్ద శత్రువు మాత్రము మనకు చిరపరిచితమైనదే. అది పల్లేరు. మన చేలగట్లపై చెప్పులు లేని కాళ్లను ఏడిపించు ఆ పల్లేరుకాయయే, పాతప్రపంచమునుండి ఎట్లో సముద్రము దాటిపోయి, అమెరికా నైరృతి భాగమంతట వ్యాపించి, అక్కడి సైకిలువారికి కంటకమైనది. కాయ ఎండి ముక్కలుగా విడిపోవును. ప్రతి ముక్కకును గట్టి ముండ్లుండును. ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలుచును. ఆ ఋణమును వారును మనకు తీర్చుకొన్నారనవలెను: మన కంచెలమీది నాగజెముడు అమెరికానుండి వచ్చినదే, మన సర్కారుతుమ్మయు టెక్సస్ బయళ్లలోని మెస్కీటు చెట్టునకు దగ్గరి చుట్టమే.

పల్లేరు తారుపై మొలవదు. దారి అంచునను, బండ్లు ఆగు చోటులను మొలచును. కావున సైకిలును అంచుకు దింపినపుడు ఎత్తిపట్టి నడిపింపవలెను. మరల దారి కెక్కించునపుడు రెండు చక్రములను త్రిప్పి తడిమి చూడవలెను. వెంట రెండు ట్యూబులు, అతుకుల పెట్టె, టైరు మీటలు, గాలిపంపు ఉండవలెను. పంచరు వేయుటకు ముందు టైరు లోపల వ్రేలితో నెమ్మదిగా తడిమి ముల్లును తీసివేయనిచో క్రొత్త ట్యూబునకును పాతదాని గతియే పట్టును.

దారి మర్యాద విషయమున మనవారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది, అక్కడ బండ్లు కుడిప్రక్కన నడచును. మనకు కుడికి తిరుగుట ఎట్టిదో వారికి ఎడమకు తిరుగుట అట్టిది. ఎదురుబండ్ల నడ్డగించి దాటవలెను. మనము చెప్పుకొన్న చుట్టుదారిలో మలుపులన్నియు ఎడమ మలుపులే. ప్రతి మలుపువద్దను వెనుకకు చూచి, చేయి చాచి, ఆగి తిరుగవలెను. బండ్లు తక్కువే గాని వచ్చునవి మహావేగముగా వచ్చును; పగలైనను వెనుక ఎఱ్ఱదీపము వెలిగించుకొనుట మంచిది. దారికి రెండువైపుల నున్న భూములు చాలవరకు పశువుల ఆసాముల సొంత భూములు. నీడ కనబడినదని కంచె దాటిపోరాదు.

ఇన్ని ఏర్పాట్లును చేసికొన్న తరువాత మిగులునది మనస్సు ఏర్పాటు. అన్నింటిలోను కష్టమైనది ఇదియే. దారిలో అలసినవాని ఆలోచన నమ్మదగినది కాదు. ఇంతదూరము వచ్చితిమి, ఇంకెంత, పోదము పద యనును. జతలో బలవంతుడు తొందరపెట్టును. బలహీనుడు సిగ్గుపడి తన నీరసమును దాచును. అందుచేత తీర్మానమును ఇంటివద్దనే, అందరును కలిసి, చల్లని మనస్సుతో చేసికొని కాగితముపై వ్రాసికొనవలెను. ఈ దారికి చాలిన తీర్మానము ఇది: మార్గములు కలియు చోటికి ఒంటిగంటలోపు చేరనిచో మరలవలెను, చేరినను, ఒక్కొక్కరివద్ద మూడున్నర లీటర్లకు తక్కువ నీరున్నచో మరలవలెను, జతలో ఏ ఒక్కరికైన తలనొప్పి, తలతిరుగుడు, వికారము, కండరముల పట్టు కనిపించినచో అందరును మరలవలెను. ఈ మూడింటిలో ఒకటి జరిగినను చర్చ లేదు. వెనుకటి నీరు 21 కిలోమీటర్లలో నున్నదని మనమెరుగుదుము. 

ఎండదెబ్బ తగిలినవాడు మాట తడబడుచు, పొంతన లేక మాటాడినచో అది అలసట కాదు, ప్రాణాపాయము. నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఉన్న నీటిలో కొంత ఒంటిపై చల్లి విసరుచు, వచ్చిన మొదటి బండిని ఆపి సహాయము కోరవలెను. అక్కడ అత్యవసరమున పిలువవలసిన నంబరు 911. బయలుదేరుటకు ముందే ఊరిలో నున్నవారెవరికైనను, ఈ దారిని ఈ దిక్కుగా పోవుచున్నాము, ఇన్ని గంటలకు రావలెను, రానిచో విచారింపుడు అని చీటి వ్రాసియిచ్చుట ఒక్క నిమిషము పని. వేగమును జతలో నెమ్మదిగా పోవువానినిబట్టి నిర్ణయింపవలెను గాని ముందుండువానినిబట్టి కాదు.

ఇట్లు జాగ్రత్తలన్నియు చెప్పగా, ఇక అందము మాట యేమని మీరు అడుగవచ్చును. జాగ్రత్త లేనివానికి అందము కనబడదు. వాని చూపంతయు సీసాలో మిగిలిన నీటిమీదనే యుండును. లెక్క సరిచూచుకొన్నవాడే తలయెత్తి చూడగలడు. వానికి లింపియా వాగు ప్రక్కన స్తంభములవలె నిలిచిన రాతిగోడలు కనబడును. గడ్డిబయలున గుంపుగా పరుగిడు ప్రాంగ్‌హార్న్ మృగములు కనబడును. లాక్ శిఖరముపై తెల్లని గోపురములు కనబడును. వానిలో 82 అంగుళముల దర్పణము గల దూరదర్శిని 1939లో నెలకొన్నది. దానితోనే కైపర్ అను శాస్త్రజ్ఞుడు 1948లో యురేనస్ గ్రహపు మిరాండా చంద్రుని, మరుసటి యేట నెప్ట్యూన్ గ్రహపు నీరీడ్ చంద్రుని కనుగొనెను. పగటి యాత్ర ముగించిన రాత్రి ఊరిబయట నిలిచి చూచినచో అంతటి వేధశాల అక్కడ ఎందుకు వెలసినదో చెప్పకయే తెలియును. 2022లో ఆ ప్రాంతమంతయు అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ సీమగా గుర్తింపు పొందినది. ఆకాశగంగ ఈ కొండనుండి ఆ కొండకు వంతెనవలె కనబడును.

మీలో ఎవరును టెక్సస్ పోకపోవచ్చును. అయినను ఏ మెట్టసీమలోనైన, ఏ ఎండు బయలునైన, ఒక దినము చుట్టుదారి పట్టదలచినవారికి ఈ పద్ధతి ఒక్కటే. పటము విప్పుడు. మొదట నీటిచుక్కలు గుర్తుపెట్టుడు. వాని నడుమ దూరము కొలువుడు. గాలి ఎటునుండి వచ్చునో బాణము గీయుడు. ప్రొద్దు ఎంతసేపుండునో వ్రాయుడు. మరలవలసిన చోటును, మరలవలసిన గంటను ఎఱ్ఱసిరాతో గుర్తింపుడు. ఆ పిదప సైకిలునకు గాలి కొట్టుకొని సంతోషముగా బయలుదేరుడు.